చూరులో కొడవలి

మొన్న కార్తీకంలో నేను ఊరెళ్ళేసరికి మా పిన్ని వెనక వసారా విప్పించేస్తోంది. ఇల్లు డాబా అయి పాతికేళ్ళవుతున్నా ఆ తాటాకు వసారాని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు ఇన్నాళ్ళూ. అందులో పిడకలు, చిల్లుపడ్డ బిందెలు, బాబాయి చుట్ట కాల్చుకుంటూ పడుకునే నులకమంచం. చెదపట్టిన ఆకు లాగుతుంటే పనిలోకొచ్చిన కుర్రాడి చేతికి చూరులోంచి ఒక కొడవలి తగిలింది. పిడి సగం చెదలు తినేసింది, ఇనుము తుప్పుపట్టి పెచ్చులు కట్టింది. "మామ్మా, ఇది పాత సామాన్లోకేనా?" అన్నాడు వాడు. పిన్ని వాడికి జవాబు చెప్పలేదు, నా వైపు చూసింది.

ఈ కొడవలి గురించి రాద్దామని ప్రతి నవంబరు 19కీ అనుకుంటాను, రాయను. 1977లో దివిసీమని ముంచేసిన ఉప్పెన గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు, పేపర్లో ఆ రోజు ఒక ఫొటో, నాలుగు ముక్కలు వేస్తారు, సొర్లగొందిలో స్తూపం దగ్గర దండలు వేస్తారు, అక్కడితో ఆ ఏటికి అయిపోతుంది. పైగా నేను చెప్పాల్సింది మా ఇంటి మనిషి గురించి. ఆయన లేడు, 2009లో పోయాడు. ఆయన పిల్లలు దీన్ని చదువుతారో లేదో తెలీదు. చదివితే తిడతారేమో కూడా. అయినా ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే ఆ కొడవలి ఇక మా ఇంట్లో లేదు.

మాది దివిసీమ. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలైతే ఆ మధ్యలో మిగిలిన నేల. అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు వస్తే, దిగువన మా ఊరు. పేరు రాయను, రాస్తే ఎవరు ఎవరో ఇట్టే పోల్చేస్తారు.

1977లో నాకు పదేళ్ళు, ఐదో క్లాసు. ఆ నవంబరు 19 శనివారం. దీపావళి వెళ్ళి వారం అయింది, నా దగ్గర ఇంకా రెండు మతాబులు దాచుకుని ఉన్నాను, అవి తడుస్తాయేమోనన్నదే ఆ పొద్దున నా బెంగంతా. చేను పండింది, కోతలకి పది పదిహేను రోజులుంది. బాబాయి అప్పటికే కమ్మరి దగ్గరికెళ్ళి కొడవలికి కక్కు కొట్టించుకొచ్చి చూరులో దోపాడు.

రేడియోలో తుఫాను అని చెప్పారట. చెప్తే మాత్రం? తుఫాను మాకు ఏటా వచ్చే చుట్టం. ఇంటికప్పు మీద నాలుగు బరువులు పెట్టి, గొడ్లని గట్టిగా కట్టేసి, పెద్దవాళ్ళు చుట్టలు ముట్టించుకుని కూర్చునే రోజు, అంతే. ఉప్పెన అన్న మాట మా నాయనమ్మ నోట విన్నాను గానీ అది ఆవిడ కూడా చూసింది కాదు, 1864లో బందరుని ముంచేసిన ఉప్పెన, ఆవిడ అత్తగారికి వాళ్ళ అత్తగారు చెప్పిన కథ. ముప్పై వేలమంది పోయారట అప్పుడు. మేం పిల్లలం ఆ కథని రాక్షసుల కథల్లో కలిపేసి వినేవాళ్ళం.

నాన్న ఎరువుల బాకీ కట్టడానికి బందరు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. మధ్యాహ్నం దాటాక గాలి చూస్తే మామూలు గాలిలా లేదు. తాడిచెట్ల మొవ్వులు తెగి కొట్టుకొస్తున్నాయి, ఎవరింటి కప్పో పూర్తిగా లేచి మా పెరట్లో పడింది. ఊళ్ళో ఒక్కటే మేడ. ఆ ఇంటాయన్ని అందరూ మేడాయన అనేవారు. అమ్మ చంటివాణ్ణి ఎత్తుకుని ముందు అక్కడికి వెళ్ళిపోయింది. నాయనమ్మ కదల్లేదు. "మీరు నడవండి, నేను దూడని విప్పేసి వస్తా" అంది. ఆవిడ మాతో అన్న ఆఖరి మాట అదే. అందులో ఏమీ లేదు, ఏ రోజైనా అనే మాటే.

నన్నూ అక్కనీ తీసుకెళ్ళడానికి బాబాయి వచ్చాడు. ఆయనకప్పుడు ఇరవై ఆరో ఇరవై ఏడో. వస్తూ వస్తూ పాకలో గేదెల పలుపులు కొడవలితో కోసేశాడు, కట్టేసి ఉంటే చస్తాయి, విడిగా ఉంటే ఈదుకుని ఎటో పోతాయని. ఆ కోసిన పలుపులు భుజాన వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో ఆయనకే తెలీదనుకుంటా. రైతు చేతికి తాడు దొరికితే పారేయడు కదా, అందుకేనేమో.

సగం దారిలో ఉండగా ఆ చప్పుడు వినపడింది. నేను అప్పటికి రైలు చూడలేదు. రెండేళ్ళ తర్వాత విజయవాడ స్టేషన్లో మొదటిసారి గూడ్సు బండి పక్కనుంచి పోతుంటే నిలబడ్డచోటే పంట్లాం తడుపుకున్నాను, పన్నెండేళ్ళవాణ్ణి. అలాంటి చప్పుడు. నీళ్ళు వచ్చినట్టు కూడా అనిపించలేదు, దక్షిణం వైపు ఒక నల్లటి గోడ ఉన్నట్టుండి లేచి మా వైపు నడిచొస్తున్నట్టుంది. అయిదు మీటర్లని తర్వాత పుస్తకాల్లో చదివాను. మా ఊళ్ళో ఇప్పటికీ "తాడిచెట్టంత" అనే అంటారు.

చెరువుగట్టు మీద రావిచెట్టు. బాబాయి అక్కని ఒక కొమ్మ పంగలోకి విసిరాడు, అవును, విసిరాడనే అనాలి, నన్ను జుట్టు పట్టుకుని లాగాడు. ఆ పలుపులతో మమ్మల్ని మానుకి కట్టేశాడు. అప్పటికే ఆ చెట్టు మీద చాకలి వాళ్ళబ్బాయి ఒకడు ఉన్నాడు, వాణ్ణీ కట్టాడు. తాడు బిగించేటప్పుడు నా చంకలో తోలు లేచిపోయి మంటెత్తింది. "నొప్పెడుతోంది బాబాయ్" అన్నాను. "నొప్పెట్టాలి" అన్నాడు.

చీకటి పడుతోంది. నీళ్ళలో ఏవేవో పోతున్నాయి. దూలాలు, గడ్డివామి ఒకటి చెక్కుచెదరకుండా అలాగే తేలుతూ, దాని మీద కోళ్ళు. ఒక తలుపుచెక్క మీద బోర్లా పడుకుని ఒక చిన్నపిల్ల వచ్చింది. ఏడవడం లేదు, తల మాత్రం ఎత్తి చూస్తోంది. మా ఊరి పిల్ల కాదు. బాబాయి తన నడుముకున్న తాడు విప్పేసి, ఒక కొస కొమ్మకి చుట్టి రెండో కొస పళ్ళతో పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. నేను కళ్ళు మూసుకున్నాను. అక్క చూసిందట. రెండుసార్లు మునిగిపోయాడట, మూడోసారి పైకొచ్చినప్పుడు ఆ పిల్ల గౌను ఆయన పిడికిట్లో ఉందట.

ఆ రాత్రంతా ఆ పిల్లని తన కడుపుకి అదిమిపెట్టుకుని, దాని వీపుకి గాలి తగలకుండా తన వీపు అడ్డం పెట్టాడు. గాలిలో ఇసుకా కంకర పెళ్ళలూ కొట్టుకొచ్చి తగిలేవి. పొద్దున చూస్తే ఆయన వీపంతా గోకుడుపార పెట్టి గీసినట్టుంది. ఆ పిల్ల చెవులకి చిన్న బంగారు పోగులున్నాయి, ఎర్రరాయివి. అవి నాకు ఎందుకు గుర్తుండిపోయాయో ఇంకాస్సేపట్లో మీకే తెలుస్తుంది.

తెల్లారేసరికి నీళ్ళు చాలావరకు లాగేశాయి. ఊరు లేదు. మేడ ఉంది, రామాలయం గోడలు ఉన్నాయి, అంతే. అమ్మా తమ్ముడూ మేడ మీద బతికే ఉన్నారు. నాయనమ్మ లేదు.

మేడాయన సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఉప్పెనకి ముందు వేసవిలో, పాలేరు కుర్రాడొకడు రెండు కొబ్బరికాయలు తీశాడని వాణ్ణి పశువుల పాకలో గుంజకి కట్టించి పొద్దంతా ఎండలో ఉంచిన మనిషి ఆయన. నేను బడినుంచి వస్తూ చూశాను, ఆ కుర్రాడు నాకంటే రెండేళ్ళు పెద్ద, అంతే. ఆ మనిషే, ఉప్పెన రోజు సింహద్వారం బార్లా తెరిచి వీధిలో నిలబడి, "ముందు పిల్లల్ని ఎక్కించండి, ఎవరి పిల్లలైనా సరే" అని గొంతు పోయేలా అరిచాడని అమ్మ చెప్పింది. నూటేభైమంది పైనే ఎక్కారట ఆ మేడ మీదికి. పల్లెవాళ్ళూ, మాలపేటవాళ్ళూ, అందరూ. ఆయన చేతుల మీదుగా అందుకున్న పసిపిల్లల్లో ఆ పాలేరు చెల్లెలు కూడా ఉంది. మూడు రోజులు గాదెలో వడ్లు దంపించి అందరికీ గంజి పోయించాడు. నీళ్ళు తీశాక నాలుగో రోజున, తాగడానికి గుక్కెడు మంచినీళ్ళు లేక మేం కొబ్బరిబొండాల కోసం కొట్టుకు చస్తున్నప్పుడు, ఆయన తల్లి మేడ పైభాగమంతా పసుపునీళ్ళతో కడిగించింది. మైలపడిందట. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు, వద్దనలేదు. ఇంకో ముక్క కూడా ఉంది. ఆ మూడు రోజుల బియ్యమూ ఎవరికెంత పెట్టాడో నోటుపుస్తకంలో రాసుకున్నాడు, ఆ తర్వాతి ఏడు పంట చేతికొచ్చాక వసూలు చేసుకున్నాడు, గింజ తక్కువ కాకుండా. మా నాన్న కట్టాడు. వడ్డీ మాత్రం తీసుకోలేదు. ఆ వడ్డీ మానేయడం దయో, సిగ్గో, ఆయన లెక్కలో అదేమిటో నాకు ఇప్పటికీ తెలీదు.

బాబాయి మాటకొస్తాను. వాయిదా వేస్తున్నానని నాకే తెలుస్తోంది.

మొదటి రెండు రోజులు బయటినుంచి మనిషన్నవాడు రాలేదు మా వైపు. దారులన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి. ఉప్పుబురద, దానిలో దిగబడ్డ గొడ్లూ, మనుషులూ. సముద్రం వైపునుంచి, ఎలిచెట్లదిబ్బ అనీ పాలకాయతిప్ప అనీ అక్కడెక్కడినుంచో కొట్టుకొచ్చినవాళ్ళు కూడా మా తుమ్మల్లో చిక్కుకుని ఉన్నారు. ముళ్ళు కదా, వచ్చిందాన్ని వదలవు. ఆడవాళ్ళ జుట్టు కొమ్మలకి మెలిపడిపోయి ఉండేది. అంతకన్నా రాయను.

బాబాయి పొద్దున్నే నాయనమ్మని వెతకడానికని వెళ్ళేవాడు. వెతకడానికే వెళ్ళాడు, అందులో అబద్ధం లేదు. మూడో రోజు నేనూ వెనకాలే బయల్దేరాను, ఆయనకి తెలీకుండా. నాయనమ్మ కనబడితే ముందు నేనే చూడాలని, అదొక పిచ్చి. తుమ్మలతోపులో ఆయన వంగి ఉన్నాడు. ఒక ఆవిడ. నాయనమ్మ కాదు, పచ్చచీర, నాయనమ్మ ఎప్పుడూ పచ్చ కట్టేది కాదు. బాబాయి ఆవిడ తల పక్కకి తిప్పి, ఆ కొడవలితో, కంకి కోసినంత తేలిగ్గా, చెవి దగ్గర ఏదో చేసి, చేతిలోకొచ్చిందాన్ని బురదనీళ్ళలో జాడించి మొలలో దోపుకున్నాడు. తర్వాత రెండో వైపు. తర్వాత కాస్త అవతల పడి ఉన్న ఇంకొకావిడ దగ్గరికి నడిచాడు. తొందరేమీ లేదు. చేలో మొన మీద నడుస్తున్నట్టే ఉంది.

నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి, అంటే ఇల్లుండే చోటికి వచ్చి చూస్తే, ఆ తేలివచ్చిన పిల్ల ఇటుకల మీద కూర్చుని మా అక్క పెట్టిన గంజి తాగుతోంది. దాని చెవులకి ఎర్రరాయి పోగులు అలాగే ఉన్నాయి.

అయిదో రోజున నాయనమ్మ దొరికింది. ఊరికి ఎగువన బోదెలో, గట్టుకి ఆనుకుని. చీర అంచు చూసి అమ్మ గుర్తుపట్టింది. నాయనమ్మకి చెవులకి కమ్మలు, పై చెవులకి బావిలీలు, ముక్కుకి బేసరి ఉండేవి, పెళ్ళినాటివి, స్నానానికి కూడా తీసేది కాదు. ఏవీ లేవు. ఎలా లేవో చూస్తే తెలిసిపోతోంది. అమ్మ కొంగు తీసి గబగబా కప్పేసింది గానీ అప్పటికే అందరం చూశాం.

బాబాయి అరవలేదు, ఏడవలేదు. గట్టు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి డోక్కోవడం మొదలెట్టాడు, కడుపులో ఏమీ లేదు, పసరు వచ్చేదాకా డోక్కున్నాడు. చేయి మాత్రం మొల దగ్గరే ఉంది, అక్కడే పట్టుకుని ఉన్నాడు. నేను ఆ చేతినే చూస్తున్నాను. తీసి బోదెలోకి గిరవాటేస్తాడని అనుకున్నాను, పదేళ్ళవాడికి కథలు అలాగే తెలుసు. వేయలేదు. ఆ మూట ఏమైందో నాకు తెలీదు. మరుసటేడు మా వాళ్ళు ఒక జత ఎడ్లని కొన్నారు. సర్కారు వాళ్ళు అప్పిచ్చారు ఎడ్లకి, ఆ డబ్బే అయ్యుండొచ్చు. ఆ ఎడ్లతో దున్నిన అన్నం నేనూ తిన్నాను, దాంతోనే చదువుకున్నాను.

నాయనమ్మకి నిప్పు పెట్టింది మా వాళ్ళొక్కళ్ళే కాదు. అప్పటికి బయటివాళ్ళు రావడం మొదలైంది. ముక్కుకి గుడ్డలు కట్టుకుని, గుడ్డ మడతలో కర్పూరం బిళ్ళలు పెట్టుకుని, కాలేజీ వయసు కుర్రాళ్ళు. మేం మా వాళ్ళ శవాలు ముట్టుకోవడానికే జంకుతుంటే, వాళ్ళు ఏ ఊరో ఏ కులమో తెలీనివాళ్ళని వెదురు తడికల మీద మోసి, కిరసనాయిలు పోసి దహనం చేసేవాళ్ళు. మా నాయనమ్మని మోసినవాళ్ళలో ఒకడు కళ్ళద్దాలాయన, పాదాల వైపు పట్టుకున్నాడు, దింపేటప్పుడు ఆవిడ కాళ్ళ మీద చీర సరిచేశాడు. నేను మర్చిపోలేదు ఆ చేయిని కూడా. కాషాయం కట్టినవాళ్ళు వచ్చారు, శిలువలు వేసుకున్నవాళ్ళు వచ్చారు, నిక్కర్ల వాళ్ళు వచ్చారు, దేవుడే లేడనే విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు వచ్చారు, అందరూ ఒకటే బురదలో మోకాళ్ళ దాకా దిగి ఒకటే పని చేశారు. మదర్ థెరిసా వచ్చిందన్నారు, నేను చూడలేదు. మా అవనిగడ్డ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు గారు పంచె ఎగ్గట్టుకుని తిరగడం నాన్న చూశాడు. ఎన్టీ రామారావు, నాగేశ్వరరావు వీధుల్లోకొచ్చి జోలె పట్టారని, ఆడవాళ్ళు చేతుల గాజులు తీసి వేశారని తర్వాత విన్నాం. ఎక్కడో ఎవరో తమ చేతి గాజు తీసి వేస్తున్న రోజులూ, ఇక్కడ మా తుమ్మల్లో జరిగిన రోజులూ పెద్ద దూరం కావు.

హెలికాప్టర్ పొట్లాలు వేసేది. అది వచ్చిందంటే పరుగే పరుగు. ఒకసారి పులిహోర పొట్లం ఒకటి నా ముందే పడింది, నాతోపాటే ఒక ముసలాయన చేయి కూడా దాని మీద పడింది. నేను ఆయన మణికట్టు కొరికాను. గట్టిగానే కొరికాను. ఆయన "అబ్బా, నాయనా" అని వదిలేశాడు. తినేశాను, అక్కకి కూడా పెట్టలేదు. బాబాయి గురించి ఎప్పుడైనా నాకు మరీ కోపం వస్తే ఆ "నాయనా" అన్న మాట గుర్తొస్తుంది.

బట్టలు లారీల్లో వచ్చాయి, పులిగడ్డ అక్విడక్ట్ వంతెన మీదుగా. చిరుగులవీ, చంకలు పోయినవీ, ఎవరూ కట్టనివీ ఒక గుట్ట. వాటి మధ్యలో ఎవరిదో పెళ్ళి పట్టుచీర, మడత కూడా నలగలేదు, పంపినావిడ ఎవరో గానీ బీరువాలో మంచిదే వెతికి తీసింది. మాకు ఇవ్వాల్సిన రగ్గుల్లో సగం ఎక్కడ దిగిపోయాయో ఎవరికీ అంతు చిక్కలేదు, ఆర్నెల్ల తర్వాత నాన్న బందరు సంతలో అలాంటి రగ్గే డబ్బిచ్చి కొనుక్కొచ్చాడు, మీద దానం తాలూకు ముద్ర కూడా చెరపలేదు. నాకు వచ్చిన చొక్కా జేబులో సిటీబస్సు టికెట్ ముక్కలు రెండున్నాయి. చాన్నాళ్ళు దాచుకున్నాను. ఆ చొక్కా పిల్లాడు ఎవరో, ఎక్కడికెళ్ళొచ్చాడో ఊహించుకుంటూ నిద్రపోయేవాణ్ణి.

సర్కారు లెక్కలో పోయినవాళ్ళు 10,000కి అటూ ఇటూ. మా వైపు ఎవరూ ఆ లెక్క ఒప్పుకోరు.

ఆ పిల్లకి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ వెతుక్కుంటూ ఇరవై రోజులకి వచ్చి తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు బాబాయి మెడ వదల్లేదు, వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది. బాబాయి బండి కనుమరుగయ్యేదాకా నిలబడి, ఆ సాయంత్రం అన్నం తినలేదు.

ఆయన తర్వాత ఎలా బతికాడంటే, అందరిలాగే. ముగ్గురు పిల్లలు, ఎకరంన్నర సొంతం, రెండెకరాలు కౌలు. నేలకి ఉప్పు పట్టి రెండు మూడేళ్ళు పంట సరిగా రాలేదు, ఆ ఏళ్ళల్లో ఊళ్ళో ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా మా పిన్ని చేత గిన్నెడు పంపించేవాడు. శవం లేస్తే పాడె కట్టడానికి ఊళ్ళో మొదట పిలిచేది ఆయన్నే. ఎవరి శవమైనా, ఏ పేటలోనైనా వెళ్ళేవాడు. స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళు ఒంటి మీది వస్తువులు తీస్తుంటే మాత్రం బయటికి వచ్చేసేవాడు. నేను గమనించాను. ఇంకెవరైనా గమనించారో లేదో.

1990 మేలో మళ్ళీ పెద్ద తుఫాను వచ్చింది. అప్పటికి షెల్టర్లు కట్టారు, ముందే జీపులేసుకుని మైకుల్లో చెప్పారు, లక్షమందికి పైగా ఖాళీ చేయించారు. గాలి తక్కువదేం కాదు, అయినా పోయినవాళ్ళు మొత్తం మీద వెయ్యిలోపే. నేను అప్పుడు ఉద్యోగంలో కొత్త, సెలవులకి వచ్చి ఉన్నాను. బాబాయి ఊరంతా తిరిగి ముసలివాళ్ళని మోసుకొచ్చి షెల్టర్లో దించాడు, రానన్న ఒక ముసలమ్మని తిట్టి, చేతులు కట్టేసినంత పనిచేసి ఎత్తుకొచ్చాడు. ఆవిడ "నా దూడ" అని ఏడుస్తోంది. ఆ మాట విని ఆయన మొహం ఎలా అయిందో నేను చూశాను.

ఆ రాత్రి షెల్టర్ మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. పదమూడేళ్ళు లోపల పెట్టుకున్నది నోట్లోంచి వచ్చేసింది. "తుమ్మల్లో నేను చూశాను బాబాయ్" అన్నాను. ఆయన తల తిప్పలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, లోపల ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు, గాలికి ఇనుప తలుపు కొట్టుకుంటోంది. తర్వాత అన్నాడు, "ఆ రెండ్రోజులూ నాకు మనుషులు కనబళ్ళేదురా. గొడ్డూ అదీ అన్నీ ఒకేలా ఉన్నాయి." ఇంకాసేపాగి, "అమ్మని చూశాకే కనబడ్డారు" అన్నాడు. నేనింకేదో అడగబోతే, "అగ్గిపెట్టుందా నీ దగ్గర?" అన్నాడు. లేదన్నాను. నేను సిగరెట్ కాలుస్తానని ఆయనకి తెలుసు, నా జేబులో అగ్గిపెట్టె ఉందనీ తెలుసు. ఎందుకు లేదన్నానో.

ఆ మాట నాకు సరిపోయిందా అంటే, లేదు. మనుషులు కనబడకపోతే ఆ పిల్ల ఎలా కనబడింది? తాడు పళ్ళతో పట్టుకుని ఎవరి కోసం దిగాడు? మధ్యలో ఉన్నవి రెండు రోజులే. ఆ రెండు రోజుల్లో ఆయన లోపల ఏం కొట్టుకుపోయిందో, లేక ఏదీ పోకుండా అన్నీ ఆ లోపలే ఉన్నాయో. మొదట్లో నేను ఇద్దరు బాబాయిల్ని పెట్టుకున్నాను మనసులో, చెట్టు మీది ఆయన ఒకరు, తుమ్మల్లోని ఆయన ఒకరు. అలా ఉంటే నిద్ర పట్టేది. కానీ చేయి ఒకటే కదా, కుడిచేయి బొటనవేలికి గోరు ఉండేది కాదు ఆయనకి, రెండు చోట్లా ఆ గోరు లేని వేలే చూశాను నేను.

పిన్నికి తెలుసని నాకు తెలిసింది ఆయన పోయాకే. దినం నాడు సర్దుతూ, "కొడవలి జోలికి మాత్రం ఎవరూ పోకండి" అంది, ఎవరూ దాని ఊసే ఎత్తకుండా. అప్పుడు కూడా నా వైపే చూసింది.

ఆ పిల్ల, పిల్లేంటి, యాభై దాటాయి, బందరులో ఉంటుంది, మనవరాలు కూడా ఉంది. పెళ్ళయిన ఏటినుంచీ ప్రతి నవంబరు 19కీ తప్పకుండా వస్తుంది. బాబాయిని నాన్న అనేది. ఆయన సొంత కూతురికి చీర కొన్నప్పుడల్లా దీనికీ ఒకటి కొనేవాడు. ఆయన ఉన్నప్పుడు వచ్చి పాదాలకి దణ్ణం పెట్టి, బందరు లడ్డు పొట్లం చేతిలో పెట్టేది. ఆయన పోయాక ఫొటోకి దణ్ణం పెట్టి ఆ పొట్లం పిన్ని చేతిలో పెడుతోంది. ఎర్రరాయి పోగులు చెరిపించి మనవరాలికి చేయించిందట, పోయినేడు చెప్పింది.

మొన్న నేనున్న రోజే వచ్చింది. వసారా విప్పేసి ఉంది, పెరడంతా ఆకు చెత్త. కుర్రాడు గట్టు మీద పెట్టిన కొడవలి దాని కంట పడింది.

"నాన్నదేనా ఇది? పలుపులు కోసింది దీంతోనేనా?" అంది. ఆ కథ అక్క దానికి వందసార్లు చెప్పి ఉంటుంది.

ఎవరం మాట్లాడలేదు. అది చేతిలోకి తీసుకుని, పైట చెంగుతో తుప్పు తుడుస్తూ, "పిన్నీ, నేను తీసుకెళ్ళనా? మీకెలాగూ అక్కర్లేదుగా. ఇంట్లో పెట్టుకుంటాను" అంది.

నాకు గొంతు ఎండిపోయింది. పిన్ని అప్పటిదాకా బియ్యం ఏరుతోంది, చేట పక్కన పెట్టింది. ఒక్కసారి నన్ను చూసింది, మళ్ళీ దాన్ని చూసింది.

"పట్టుకెళ్ళవే" అంది. "కాస్త నూనె రాసి పట్టుకెళ్ళు, లేకపోతే చేతికి గీసుకుంటది."

నేనే నూనె రాశాను. పాత పేపర్ రెండు మడతలు చుట్టి పురికొసతో కట్టాను. సాయంత్రం బస్టాప్ దాకా సంచీ నేనే మోశాను, బస్సొచ్చాక కిటికీలోంచి అందించాను. కొన పేపర్ చించుకుని కొద్దిగా బయటికి వచ్చింది. కండక్టరు చూసి, "ఏంటమ్మా అది, జాగ్రత్తగా పెట్టుకో, ఎవరికన్నా తగులుద్ది" అన్నాడు.

"మా నాన్నదండీ" అని చెప్పి, ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది.